నూకరత్నం పేరుతో ఒక జర్మన్ రైలు టికెట్టు

ముందే చెప్పేస్తాను, నేను పిరికిదాన్ని. బర్మాలో, యాంగాన్ నగరంలో, తామ్వే నుంచి బోటాటౌంగ్‌లో మా ఆఫీసుకు రోజూ ఎక్కే బస్సు ఒక్క వీధి పక్కకు తిరిగినా నా గుండె దడదడలాడుతుంది. అలాంటిదాన్ని జర్మనీలో ఒంటరిగా రైళ్ళెక్కి పాత ఊళ్ళు చూసి వచ్చానంటే మావాళ్ళే ఇంకా నమ్మడం లేదు. ఇదంతా ఒక క్యాలెండరు చేసిన పని. రేవుకు వచ్చే సరుకులకు కస్టమ్స్ కాగితాలు తయారుచేసే ఆఫీసు మాది. ఎప్పుడో ఒక జర్మన్ కంపెనీ పంపిన క్యాలెండరు నా బల్లకు ఎదురుగా గోడ మీద ఉంది. దాని ఏడాది ముగిసిపోయినా ఎవరూ దాన్ని తీయలేదు, సెప్టెంబరు దగ్గరే ఆగిపోయింది. ఆ పేజీలో నది మధ్య నిలబడిన ఒక పాత భవనం, గోడల నిండా రంగుల బొమ్మలు, కింద సన్నటి అక్షరాల్లో బాంబెర్గ్ అన్న పేరు. పన్నెండేళ్ళుగా మధ్యాహ్నం టిఫిన్ క్యారియర్ విప్పి ఆ భవనాన్ని చూస్తూ అన్నం తిన్నాను. నీళ్ళలో అలా ఎలా నిలబడిందో దగ్గరికి వెళ్ళి చూడాలని ఎప్పుడూ అనిపించేది, వెళ్తానని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

ఈ ఏడు ఆ కంపెనీవాళ్ళు మా ఆఫీసు నుంచి ఇద్దరిని రెండేసి వారాల ట్రైనింగుకు న్యూరెంబర్గ్ రమ్మన్నారు. ముందు నేను, నేను తిరిగొచ్చాక తీరి. తీరి నా పక్క బల్ల అమ్మాయి, ఇరవై ఆరేళ్ళది. ఆరు నెలలుగా ప్రతి ఆదివారం జర్మన్ క్లాసుకు వెళ్తోంది. బయల్దేరే ముందు మా ఆఫీసు పెద్దాయన నన్ను లోపలికి పిలిచి, హామీ పత్రం ముందు పెట్టి చెప్పాడు: "చెప్పిన రోజుకు వెనక్కి రావాలి. అక్కడ నీ మీద చిన్న రిపోర్టు రాసినా తీరికి వీసా ఇవ్వరు. ఆ పిల్ల అవకాశం నీ చేతిలో ఉంది." తలుపు బయట నిలబడి తీరి అంతా విన్నది. మర్నాడు ఒక లఫే పొట్లం తెచ్చి నా సంచిలో పెట్టింది, దారిలో తినమని. ఆ ఊరగాయ తేయాకు పొట్లాన్ని చూసినప్పుడల్లా నాకు భయం ఇంకాస్త పెరిగింది.

ట్రైనింగు గురువారం ముగిసింది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి నా విమానం శనివారం సాయంత్రం, వీసా గడువు ఆదివారం దాకా. మధ్యలో శుక్రవారం ఒక్కటే ఖాళీ. గదిలోనే కూర్చుని తలుపు గడియ వేసుకుందామనుకున్నాను. కాని బాంబెర్గ్ అక్కడికి రైల్లో ముప్పావుగంటే అని తెలిశాక గదిలో ఊపిరాడలేదు. మీలో ఎవరైనా వెళ్తే పనికొస్తుందని వివరంగా చెబుతున్నాను: ఈ ఊళ్ళున్న రాష్ట్రంలో ఒక రోజంతా ఎన్ని మామూలు రైళ్ళయినా ఎక్కగల టికెట్టు ఒకటి ఉంది, ఒక మనిషికి ముప్పై యూరోలకు కాస్త అటూ ఇటూ. పనిదినాల్లో పొద్దున్న తొమ్మిది నుంచే చెల్లుతుంది, తెల్లగా ఉండే వేగం రైళ్ళలో చెల్లదు. నా ప్లాను మూడు మూలల చుట్టు: న్యూరెంబర్గ్ నుంచి బాంబెర్గ్, అక్కడి నుంచి వుర్జ్‌బర్గ్, మళ్ళీ న్యూరెంబర్గ్. మన యాంగాన్ సర్క్యులర్ రైలు లాగా ఎక్కినచోటికే తిరిగొస్తాను కదా, తప్పిపోయేదేముందని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను.

తొమ్మిదీ ఇరవైకి స్టేషన్లో టికెట్టు మిషను ముందు నిలబడ్డాను. నా వెనక నలుగురు. సరిగ్గా అప్పుడే మా పెద్దక్క ఫోను. అక్కడ మధ్యాహ్నం రెండు కావస్తోంది.

"ఏటే నూకాలూ, తిన్నావా? పొద్దున్న గుడికెల్లి నీ పేరున పూజ సేయించినాను. పంతులుగారు పేరడిగితే నూకరత్నం అని గట్టిగా సెప్పినాను. అమ్మోరికి ఇనబడాలి గదా!"

"అక్కా, టికెట్టు తీస్తన్నాను. నాకు బయంగా ఉంది."

"బయమేటి? ఎనకాల ఎవులైనా ఉన్నారా?"

"ఉన్నారు, లైన్లో."

"అయితే ఫోను పెట్టీసి ముందు టికెట్టు తియ్యి. అమలే, ఓలమ్మో, నీతోటి ఏగలేం!"

టికెట్టు బయటికొచ్చింది. దాని మీద ప్రయాణించేవాళ్ళ పేరు పెన్నుతో రాయాలి, రాయకపోతే చెల్లదు. వెనకాయన గొంతు సవరించుకున్నాడు. గోడకు ఆనించి గబగబా పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో పేరు రాసేసి, సంచిలో దోపి, ప్లాట్‌ఫారం వైపు పరుగెత్తాను.

తొమ్మిదీ నలభై దాటాక బయల్దేరిన రైల్లో నన్ను భయపెట్టింది నిశ్శబ్దం. పెట్టె నిండా జనం ఉన్నారు, ఒక్కరూ మాట్లాడరు. మనకు రైలంటే ఆకుకూరల గంపలు, లోంజీ లుంగీ ఎగ్గట్టి తలుపు దగ్గర నిలబడే మనుషులు, కిళ్ళీ వాసన. ఇక్కడ నా సంచి జిప్పు చప్పుడు నాకే పెద్దగా వినిపించింది. కాసేపటికి జర్మన్‌లో ఏదో ప్రకటించారు. కొందరు లేచి ముందు పెట్టెల్లోకి నడవడం మొదలుపెట్టారు. పక్కన బుట్టతో కూర్చున్న పెద్దావిడను ఇంగ్లీషులో అడిగాను, "ఈ రైలు బాంబెర్గ్ వెళ్తుందా?"

"బాంబెర్గ్ దాకా అంతా వెళ్తుంది. తర్వాత రైలు రెండుగా విడిపోతుంది. ముందుది ఒకవైపు, వెనకది ఇంకోవైపు," అంటూ ఆవిడ రెండు చేతులూ విడదీసి చూపించింది. రైలు మధ్యలో తెగిపోవడం నేనెప్పుడూ వినలేదు. అక్కడ కొన్ని రైళ్ళు అంతే, ఏ పెట్టె ఏ ఊరికి వెళ్తుందో ప్లాట్‌ఫారం బోర్డు మీద చూసి ఎక్కాలి. టికెట్ కలెక్టరు వచ్చినప్పుడు నేను లేచి నిలబడ్డాను. ఆయన టికెట్టు ఇటూ అటూ తిప్పి చూసి నవ్వి వెళ్ళిపోయాడు. కూర్చోవడానికి నాకు ఇంకో నిమిషం పట్టింది. మనకు యూనిఫాం కనబడితే లేచి నిలబడడం, చెయ్యి దానంతట అదే కార్డు కోసం సంచిలోకి వెళ్ళడం అలవాటైపోయింది కదా.

బాంబెర్గ్ స్టేషను నుంచి పాత ఊరికి ఇరవై నిమిషాల నడక. నది కనబడగానే గుర్తుపట్టాను. అదే భవనం. వంతెన మధ్యలో, నీళ్ళ నడుమ, రెండు పక్కలా తెల్లటి నురగ. క్యాలెండరులో ఆ నీళ్ళ చప్పుడు లేదు, అదొక్కటే తేడా. ఒకప్పుడు అది ఊరి మునిసిపల్ ఆఫీసు అట. గోడ మీది బొమ్మల్లో ఒక బొద్దు పిల్లాడి కాలు మాత్రం రంగు కాదు, నిజంగా గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన రాతి కాలు. పన్నెండేళ్ళు చూసినా క్యాలెండరులో ఆ కాలు నాకు కనబడలేదు. చూస్తూ చూస్తూ ఏడ్చాను, ఎందుకో చెప్పలేను. పక్క సందులో రొట్టెల కొట్టామె నా ముఖం చూసి, "ఏమైంది, ఏదైనా పోగొట్టుకున్నారా?" అని అడిగింది. లేదన్నాను. వెన్న పూసిన ఉప్పు బ్రెజెల్ రొట్టె ఒకటి, టీ ఒకటి తీసుకున్నాను, నాలుగైదు యూరోలు. రోజంతటిలో నేను భయపడకుండా ఉన్నది ఆ కొట్టు ముందు బల్ల మీద కూర్చున్న అరగంటే.

ఒంటిగంటన్నర దాటాక వుర్జ్‌బర్గ్ రైలెక్కాను, బోర్డు రెండుసార్లు చూసుకునే ఎక్కాను. గంట ప్రయాణం. పది నిమిషాలయ్యాక పెట్టె చివర టికెట్ కలెక్టరు కనిపించాడు, పొడుగాటి మనిషి. ఈయన టికెట్టుతోపాటు గుర్తింపు కార్డు కూడా అడుగుతున్నాడు. నేను ఆఫీసులో చేసే పని అదే: రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి పేర్లు అక్షరం అక్షరం పోల్చడం. అలవాటుగా పాస్‌పోర్టు తెరిచి, టికెట్టు దాని పక్కన పెట్టాను. పాస్‌పోర్టులో ఖిన్ మా న్వే. టికెట్టు మీద నా చేతిరాతతో, పెద్ద పెద్ద అక్షరాల్లో, నూకరత్నం.

యాంగాన్ తెలుగువాళ్ళకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. మాకు రెండేసి పేర్లు. బడికి, ఆఫీసుకు, కార్డుకు బర్మా పేరు. ఇంటికి, గుడికి, పెళ్ళి కార్డుకు తెలుగు పేరు. మా తాతలు రేవులో మూటలు మోసిన రోజుల నుంచీ ఇంతే. పరాయి పేరు చెబితే ఎక్కడివాళ్ళు, ఎప్పుడొచ్చారు, రుజువేదీ అని ప్రశ్నలు మొదలవుతాయి. అందుకే మా నాన్న నాకు ఏడేళ్ళప్పుడే నేర్పాడు, యూనిఫాం ముందు ఒక్క పేరే, కార్డులో ఉన్నదే, రెండోది నోట్లోంచి రాకూడదని. నలభై మూడేళ్ళు వచ్చేదాకా నేనా మాట తప్పలేదు. తప్పినది పరాయి దేశంలో, అదీ కాగితం మీద, నా చేత్తోనే. అక్క పూజ సంగతి చెప్పిన మరుక్షణం, భయంలో, నా చెయ్యి అమ్మవారికి చెప్పే పేరు రాసేసింది.

కలెక్టరు నాలుగు వరుసల దూరంలో ఉన్నాడు. వేరేవాళ్ళ టికెట్టు మీద దొంగతనంగా పోతున్నానని అనుకుంటే? సరైన టికెట్టు లేకపోతే అరవై యూరోలు కట్టాలి, అది పోతే పోనీ. పోలీసులను పిలిస్తే? పేరు రాసుకుంటే? రేపు విమానాశ్రయంలో ఆపేస్తే? తీరి ఆదివారం క్లాసులన్నీ నా కళ్ళ ముందు తిరిగాయి. రైలు ఒక చిన్న స్టేషన్లో ఆగింది. హాస్‌ఫుర్ట్ అని బోర్డు. నేను సంచి లాక్కుని దిగిపోయాను. తలుపులు మూసుకుని రైలు వెళ్ళిపోయాక చూస్తే ప్లాట్‌ఫారం మీద నేనొక్కదాన్నే.

తర్వాతి రైలుకు ఇంకా గంట. బెంచీ మీద కూర్చుని పెన్ను తీశాను. నూకరత్నాన్ని కొట్టేసి పైన ఖిన్ మా న్వే అని రాస్తే అయిపోతుంది. పెన్ను మూత కూడా తీశాను. కాని పద్దెనిమిదేళ్ళు కాగితాల పని చేసినదాన్ని. కొట్టేసి రాసిన కాగితం ఎంత అనుమానంగా కనబడుతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? రాసింది రాసినట్టే ఉంటే అది పొరపాటు, కొట్టేస్తే మోసం. మా ఆఫీసులో ఇంకో పద్ధతి కూడా ఉంది. తప్పు కస్టమ్స్‌వాళ్ళు పట్టుకుంటే జరిమానా. మనమే ముందుగా పట్టుకెళ్ళి చూపిస్తే దిద్దుబాటు, పక్కన అధికారి సంతకం. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ ఈ మాట చెప్పేది నేనే. తీరికి కూడా నేనే చెప్పాను. చెప్పడం తేలిక, ఆ బెంచీ మీద నుంచి లేవడమే కష్టం. లఫే పొట్లం విప్పి రెండు పలుకులు నోట్లో వేసుకున్నాను.

మూడు కావస్తుండగా వచ్చిన రైలెక్కాను. కూర్చోలేదు. టికెట్ కలెక్టరును వెతుక్కుంటూ పెట్టె తర్వాత పెట్టె నడిచాను. ఈసారి ఆడమనిషి, నా వయసే ఉంటుంది, పొట్టి నెరిసిన జుట్టు, మెడలో తాడుకు వేలాడే కళ్ళద్దాలు. నేను పాస్‌పోర్టూ టికెట్టూ రెండూ ఆమె ముందు పెట్టి, ఇంగ్లీషులో "నేను తప్పు చేశాను, మీరు అడగకముందే చెప్పాలని వచ్చాను," అన్నాను.

ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని రెండూ చూసింది. "ఇది మీ పేరు కాదు."

"నాదే. రెండూ నావే."

"రెండూనా? అయితే ఇందులో కుటుంబం పేరు ఏది?"

"మా దేశంలో కుటుంబం పేరు ఉండదు. ఇది కాగితాలకు, అది ఇంట్లోవాళ్ళకు."

ఆమె నా ముఖం చూసింది, మళ్ళీ పాస్‌పోర్టు చూసింది. "ఇంట్లోవాళ్ళ పేరుకు ఏదైనా కాగితం ఉందా?"

అదే కదా సంగతి. ఆ పేరుకు ఈ లోకంలో ఎక్కడా ఒక్క కాగితం లేదు. అలా ఉండకుండా చూసుకోవడమే మా నాన్న నాకు నేర్పిన జాగ్రత్త. "కాగితం లేదు, పిలిచేవాళ్ళు ఉన్నారు," అన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు. ఫోను తీసి పెద్దక్కకు వీడియో కాల్ కలిపాను. మొదటిసారి కలవలేదు. రెండోసారి కలిసి తెగిపోయింది. కలెక్టరు గడియారం చూసుకుంది. మూడోసారి తెర మీద చీకటి, ఆ చీకట్లో ఛార్జింగ్ లైటు పట్టుకున్న మా అక్క ముఖం.

"అక్కా, నన్ను పేరెట్టి పిలు."

"ఏటీ?"

"నా పేరు సెప్పు. పూర్తిగా, గట్టిగా."

"పిచ్చెక్కినాదేటే? ఇక్కడ కరెంటు పోయి సీకట్లో కూకున్నాం, నీకు ఆటలుగా ఉందా?"

"దండం పెడతాను, అక్కా. పిలు."

నా ముఖంలో ఏం కనబడిందో, అక్క లేచి నిలబడింది. "నూకరత్నం!" అని అరిచింది. పెట్టెలో నలుగురు తలలు తిప్పారు. "ఒసే నూకరత్నం! ఏటైనాదే నీకు? ఎవులే నీ పక్కన? పోలీసోల్లా? ఇదిగో అమ్మా, మా సెల్లి మంచిదమ్మా, దానికేటీ తెల్దు, దాన్నొగ్గీయండమ్మా..."

కలెక్టరుకు ఒక్క ముక్క అర్థం కాలేదు, పేరు మాత్రం అర్థమైంది. టికెట్టు మీద అక్షరాల కింద వేలు పెట్టి నెమ్మదిగా చదివింది, "నూ, క, రత్, నం." తెర వైపు తిరిగి అక్కకు చెయ్యి ఊపింది. అక్క బతిమాలడం ఆపి, అర్థంకాకపోయినా దండం పెట్టింది. తర్వాత ఆమె తన జేబులోంచి పెన్ను తీసి నా చేతికిచ్చింది. "మీ పాస్‌పోర్టు పేరు దాని పక్కన రాయండి. మొదటిదాన్ని కొట్టేయకండి." రాశాను. దాని పక్కన ఆమె సంతకం పెట్టి, మిషనుతో ముద్ర కొట్టింది. సరిగ్గా మా ఆఫీసు పద్ధతే. "రూలు ప్రకారం గుర్తింపు కార్డులో ఉన్న పేరే ఉండాలి. ఇంకోసారి గుర్తుంచుకోండి," అని మందలింపుగా అని, రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "శుభప్రయాణం, నూకరత్నం గారూ," అంది.

నేను ఖాళీ సీట్లో కూలబడ్డాను. పక్కన నది వెంట ద్రాక్షతోటలు వెళ్తున్నాయట, తర్వాత ఎవరో చెప్పారు. నేను చూడలేదు. వుర్జ్‌బర్గ్‌లో స్టేషను నుంచి పాత వంతెన దాకా పావుగంట నడిచాను. వంతెనకు రెండువైపులా క్రైస్తవ సాధువుల రాతి విగ్రహాలు, కొండ మీద కోట. ఆ ఊరు యుద్ధంలో బాంబులకు చాలావరకు నేలమట్టమైతే పాతది పాతగానే మళ్ళీ కట్టుకున్నారట. వంతెన మీద జనం గ్లాసులు పట్టుకుని ఎండలో నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు. నేను కాసేపు వాళ్ళ మధ్య నిలబడ్డాను, అయినా సంచి గుండెలకు అదిమిపట్టే ఉంచాను. ఐదున్నర రైలెక్కి ఏడు కొట్టేసరికి న్యూరెంబర్గ్ చేరాను. మర్నాడు విమానాశ్రయంలో అధికారి నా పాస్‌పోర్టు మీద ముద్ర వేసి ఇచ్చేదాకా నేను ఆ సంచిని వదల్లేదు. ఆయన ఏమీ అడగలేదు.

భయం పోయిందా అని అడిగితే, పోలేదు. ఇప్పటికీ బస్సు పక్క వీధికి తిరిగితే దడే. కాని నలభై మూడేళ్ళలో యూనిఫాంలో ఉన్న మనిషి నన్ను నా ఇంటి వాళ్ళ పిలుపుతో పిలవడం అదే మొదటిసారి, పిలిచాక చెడ్డది ఏదీ జరగలేదు. ఆ సంగతి నా ఒంటికి తెలియడానికి చాలా రోజులు పట్టింది. సోమవారం ఆఫీసుకు వెళ్ళి ఆ టికెట్టును సెప్టెంబరు పేజీ అంచుకు గుండుసూదితో గుచ్చాను. తీరి వీసా వచ్చింది, పోయిన వారమే బయల్దేరింది. వెళ్ళే ముందు రోజు క్యాలెండరు దగ్గర నిలబడి టికెట్టు చదువుతూ, "అక్కా, ఖిన్ మా న్వే మీరు. ఈ ఇంకొకావిడ ఎవరు? మీతో వచ్చిందా?" అని అడిగింది. పెద్దాయన కూడా తల ఎత్తి చూశాడు. పద్దెనిమిదేళ్ళుగా ఆ గదిలో పనిచేస్తున్నాను. ఒక్క క్షణం నాన్న గుర్తొచ్చాడు. "నేనే," అన్నాను.

ఇక వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. ఆ టికెట్టు మీద పాస్‌పోర్టులో ఉన్న పేరే, ఉన్నది ఉన్నట్టు రాయండి. మిషను దగ్గర గాభరాగా ఉంటే పెన్ను తీయకండి. పక్కకు వచ్చి, ఒక టీ తాగి, చెయ్యి వణకడం ఆగాక పాస్‌పోర్టు చూసి రాయండి. భయంలో చెయ్యి ఏ పేరు రాస్తుందో మనం చెప్పలేం.